అలాట్‌మెంటు ఒకరిది, కాపురం ఇంకొకరిది: కాలనీ సర్వేలో నా అనుభవం

మధురవాడ వైపు ప్రభుత్వం కట్టించి ఇచ్చిన ఒక కాలనీలో ఏ ఫ్లాటు ఎవరి పేరున ఉంది, లోపల నిజంగా ఎవరు కాపురం ఉంటున్నారు అని గుమ్మం గుమ్మం తిరిగి రాసుకొచ్చే పని నాకు పడింది. నేను పొదుపు సంఘాల ఆర్పీని, అంటే రిసోర్స్ పర్సన్‌ని. సంఘాలకు లోన్లు ఇప్పించడం, వాయిదాలు కట్టించడం, పుస్తకాలు రాయించడం మా అసలు పని. కానీ పేటల్లో ఏ సర్వే వచ్చినా సచివాలయం వాళ్లతో పాటు మమ్మల్నీ కలుపుతారు. ఈసారి ఎవరి పేట వాళ్లకి ఇవ్వకుండా తారుమారు చేసి వేశారు. మంచి పనే చేశారు. నా పేటలో అయితే నా సంఘం సభ్యురాలి గుమ్మం ముందు నిలబడి "ఈ ఇల్లు నీదేనా?" అని ఎలా అడుగుతాను? అడిగినా, మళ్లీ మీటింగుకి ఆవిడ వస్తుందా?

కాలనీ పేరు రాయడం లేదు. అక్కడ ఉండేవాళ్లకి ఉన్న టెన్షన్ చాలు.

విశాఖలో ఇలాంటి ఇళ్లు ఒక్క పథకంలోవి కావు. 2001లో మొదలైన వాంబే ఇళ్లున్నాయి, రాజీవ్ గృహకల్ప ఇళ్లున్నాయి. 2005 డిసెంబరులో కేంద్రం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం తెచ్చాక మురికివాడల వాళ్ల కోసం కట్టిన బ్లాకులున్నాయి. 2015లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చాక 300, 365, 430 చదరపు అడుగుల లెక్కన కట్టిన టిడ్కో ఇళ్లున్నాయి. పేర్లు మారినా వీటన్నిటి వెనక ఉద్దేశం ఒకటే, సొంతిల్లు లేని కుటుంబానికి తలదాచుకోను ఒక గూడు. మేం వెళ్లిన కాలనీలో అలాట్‌మెంటు కాగితం మీద షరతు స్పష్టంగానే ఉంది: కుటుంబం అందులోనే ఉండాలి, అద్దెకు ఇవ్వకూడదు, అమ్మకూడదు. ఆ కాగితం చాలామంది దగ్గర బీరువాలో భద్రంగా ఉంది. షరతు చదివినవాళ్లు మాత్రం నాకు పెద్దగా కనపడలేదు.

మా చేతికి ఇచ్చిన లిస్టు పాతది. ఆధార్ నంబర్లు ఇవ్వడం మొదలైందే 2010 సెప్టెంబరులో. అంతకు ముందు తయారైన లిస్టులో మనిషిని పోల్చుకోవడానికి ఉన్నవల్లా పేరు, భర్త పేరు, పాత పేటలో డోరు నంబరు, తెల్ల రేషన్ కార్డు నంబరు, ఒక ఫొటో. జెరాక్సు మీద జెరాక్సు తీసీ తీసీ ఆ ఫొటోల్లో బొట్టు తప్ప మొహం లేదు. డోరు నంబరున్న పేట రోడ్డు వెడల్పులో పోయింది. ఇక పేరు చూద్దామా అంటే, అప్పలనర్సమ్మ, భర్త అప్పారావు అని ఉంటుంది. ఈ జిల్లాలో ఆ పేర్లు పట్టుకుని ఎవర్ని వెతుకుతాం?

ఫారంలో గడులు ఇవి: బ్లాకు, ఫ్లాటు, అలాటీ (ఇల్లు ఎవరి పేరున ఇచ్చారో ఆ మనిషి) పేరు, ప్రస్తుతం ఉంటున్నవారి పేరు, అలాటీకి వీళ్లేమవుతారు, ఎప్పటి నుంచి ఉంటున్నారు, తాళం వేసి ఉందా, చివర్లో రిమార్కులు. గుమ్మం దగ్గర ఫొటో ఒకటి. చూడ్డానికి అంతే. కానీ "ఏమవుతారు" అన్న గడి దగ్గరే అందరూ చుట్టాలైపోతారు. పెద్దమ్మ, మేనత్త, చిన్నాన్న, వదిన. ఒక బ్లాకులో వరసగా నాలుగు ఫ్లాట్లలో "మా మేనత్త ఇల్లు" అనే సమాధానమే వచ్చింది. అది ముందే నేర్పిన పాఠమని అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఒక కుర్రాడు తలుపు తీసి "పెద్దమ్మగారిల్లండి" అన్నాడు. పెద్దమ్మ పేరేంటి బాబూ అంటే, "ఒక్క నిమిషం" అని ఫోను తీసి వెతుక్కున్నాడు. నవ్వొచ్చింది గానీ, వాడి మొహం చూస్తే నవ్వలేకపోయాను. ఫార్మా కంపెనీలో షిఫ్టు చేసొచ్చి పడుకున్నవాణ్ని లేపాం. శ్రీకాకుళం వైపు వాడు. గోడ మీద క్యాలెండరు వాళ్ల ఊరి ఎరువుల షాపుది.

మొదట్లో మేం కరెంటు బిల్లు అడిగేవాళ్లం. అది ఎందుకూ పనికిరాలేదు. ఇల్లు అమ్మేసినా, అద్దెకిచ్చినా మీటరు అలాటీ పేరునే ఉంటుంది, ఎవరూ మార్పించుకోరు. పైగా ఆ బిల్లునే "చూడండి, మాదే" అని చూపిస్తారు. గ్యాసు పుస్తకం నయం, సిలిండరు ఎక్కడికి వస్తుందో చెప్పేస్తుంది. పిల్లల స్కూలు ఎక్కడ, ఎన్ని తరగతుల నుంచి అక్కడ చదువుతున్నారు అని మాటల్లో అడిగితే ఇంకా నయం. రేషన్ కార్డు ఏ సచివాలయం పరిధిలో మ్యాపింగ్ అయి ఉందో చూస్తే సగం గుట్టు తెలిసిపోతుంది.

అన్నిటికన్నా తమాషా ఒకటో తారీకు. పింఛను గుమ్మం దగ్గరే ఇస్తారు కదా, 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 అయింది. ఆ పొద్దున కాలనీకి వెళ్తే అలాటీలందరూ హాజరు. వన్ టౌన్ నుంచి, గాజువాక నుంచి, కూతుళ్ల ఇళ్ల నుంచి తొలి బస్సుకి దిగి, తాము అద్దెకిచ్చిన ఫ్లాటు గుమ్మంలోనే కుర్చీ వేయించుకుని కూర్చుంటారు. అద్దెకున్నావిడ టీ పెట్టిస్తుంది. మర్నాడు వెళ్తే ఆ కుర్చీ ఉండదు, ఆ మనిషీ ఉండదు. మా టీములో సచివాలయం అమ్మాయి "అక్కా, సర్వే ఒకటో తారీకున చేస్తే మన కాలనీలో ఒక్క తప్పూ లేదు" అంది.

ఇంతకీ తప్పు అంటే ఏది? ఈ పనిలో దిగేదాకా నాకూ అందరి మాదిరి ఒకటే లెక్క, పేరు ఒకరిది, మనిషి ఇంకొకరు అయితే మోసం. తిరిగే కొద్దీ ఆ ఒక్క లెక్కలో చాలా రకాలు కలిసిపోయి ఉన్నాయని తెలిసింది. అలాటీ చనిపోయి కొడుకు ఉంటున్నాడు, పేరు మార్చుకోలేదు. అది మోసం కాదు, ఫ్యామిలీ మెంబరు సర్టిఫికెట్ పెట్టుకుని దరఖాస్తు చేసుకోవాల్సిన పని. భార్య పేరున ఒక ఫ్లాటు, భర్త పేరున వేరే డోరు నంబరుతో ఇంకో ఫ్లాటు. ఇది మోసమే, మొదట్నుంచీ తెలిసి చేసింది. రెండంతస్తుల సొంతిల్లు ఉండి ఇక్కడ పేరున్నవాళ్లు కూడా తగిలారు. ఖాళీ ఫ్లాటు తాళం పగలగొట్టి చొరబడ్డవాళ్లు ఇంకో రకం. వీళ్లందరూ మా ఫారంలో ఒకే టిక్కు కింద పడతారు.

ఒకావిడ సంగతి చెప్పాలి. జాలారి పేట నుంచి వచ్చిన అలాటీ. ఎండు చేపలు, పచ్చి చేపలు అమ్ముకుంటుంది. ఆవిడ ఫ్లాటులో అద్దెకి ఒక ప్లంబరు కుటుంబం ఉంది. ఫోను చేసి పిలిపిస్తే వచ్చింది, భయపడలేదు, దాచలేదు.

"నానేటి సెయ్యాలమ్మా? తెల్లారగట్ల బోట్లొచ్చే ఏళకి నాను హార్బరు కాడ ఉండాల. ఇక్కడ్నించి నానెల్లేసరికి పాట అయిపోద్ది. ఇంకేటి కొంతాను, ఏటి అమ్ముతాను? ఇల్లిచ్చినోల్లు బోట్లు కూడా ఈడికే తెచ్చి కట్టమను, ఉంటాను."

ఫ్లాటు మీద ఆవిడకి నెలకు 2,500 వస్తుంది. హార్బరు దగ్గర ఒంటి గదికి ఆవిడ కట్టేది 3,000. అంటే ప్రభుత్వం ఇల్లిచ్చాక ఆవిడకి నెలకు 500 చేతి నుంచి పడుతోంది. రూలు ప్రకారం ఆవిడ అక్రమంగా అద్దెకిచ్చిన మనిషి. నేను అలాగే రాశాను, రాయక తప్పదు. కానీ ఊరి మధ్య పనులు చేసుకునేవాళ్లని పదిహేను కిలోమీటర్ల అవతల పెట్టి, మళ్లీ "మీరక్కడ ఎందుకు ఉండట్లేదు" అని అడగడంలో నాకు న్యాయం కనపడలేదు. ఇళ్లపనులు చేసుకునేవాళ్లు, తోపుడుబళ్ల వాళ్లు, అందరిదీ ఇదే కథ. కాలనీలో అద్దెలు పుట్టిందే ఈ దూరం వల్ల. పుట్టాక దాన్ని వ్యాపారం చేసినవాళ్లు వేరే.

ఆ వ్యాపారం ఎవరిదో తెలిసింది తాళాల దగ్గర. తాళం వేసి ఉన్న ఫ్లాట్ల ముందు మేం నోటీసు అంటిస్తుంటే, కాలనీలో అందరూ అన్న అని పిలిచే ఒకాయన వచ్చాడు. "ఎండలో ఎందుకు మేడం శ్రమ, నేను తీస్తా చూసుకోండి" అని జేబులోంచి గుత్తి తీశాడు. ఒక్కో తాళంచెవి మీద ఎర్ర గోళ్లరంగుతో ఫ్లాటు నంబరు రాసి ఉంది. అన్నీ నీట్‌గా. అలాటీలు తన దగ్గర తాళాలు పెట్టి ఊరెళ్లారని చెప్పాడు. ఆయన పేరు లిస్టులో లేదు. ఆయనుండేది కాలనీలో కాదు. అలాటీ కాదు, అద్దెకున్నవాడూ కాదు. ఫారంలో ఆయన్ని ఏ గడిలో రాయాలి?

అద్దెకున్న ఆడవాళ్లు కాస్త చనువయ్యాక చెప్పారు. ఇల్లు చూపించినందుకు ఒక నెల అద్దె ఆయనకి. ప్రతి నెలా అద్దె వసూలు చేసేదీ ఆయనే. వీళ్ల దగ్గర తీసుకునేదొకటి, అలాటీకి పంపేదొకటి. అగ్రిమెంటు పదకొండు నెలలకి రాయిస్తాడు, గడువు కాగానే అద్దె పెంచుతాడు, లేదా ఖాళీ చేయించి కొత్తవాళ్ల దగ్గర అడ్వాన్సు తీసుకుంటాడు. గట్టిగా మాట్లాడితే "సర్వే వాళ్లకి చెప్తా, మీరే పోతారు" అని బెదిరింపు. ఎవరికి భయపడి ఆయన పారిపోవాలో, వాళ్లనే చూపించి ఆయన బతుకుతున్నాడు.

తర్వాత మూడో అంతస్తులో ఒక సెక్యూరిటీ గార్డు భార్య తన అగ్రిమెంటు చూపించింది. అద్దెది కాదు, కొన్నది. వంద రూపాయల స్టాంపు పేపరు, నోటరీ ముద్ర, 3 లక్షలు ముట్టినట్టు రాత, అలాటీ వేలిముద్ర. పుస్తెలతాడు తాకట్టు పెట్టి, ఊళ్లో మేకలమ్మి కట్టారట. "మాదే కదండి ఇల్లు? నోటరీ చేయించుకున్నాం కదా" అని ఆవిడ నన్నే అడిగింది. రెండో పేజీలో సాక్షి సంతకం దగ్గర నా కళ్లు ఆగాయి. అది తాళాల అన్నది. వెనకటి బ్లాకులో చూసిన ఇంకో కాగితం మీద కూడా అదే సంతకం, కింద గీత గీసి రెండు చుక్కలు పెట్టే తీరు.

అప్పటి నుంచి మేం ఎవరు అగ్రిమెంటు చూపించినా మొదటి పేజీతో పాటు సాక్షుల పేజీ కూడా ఫొటో తీసుకున్నాం. మా పైన ఉండే సీఓ (కమ్యూనిటీ ఆర్గనైజర్) మేడం రిమార్కుల గడి చాలదని ఒక తెల్లకాగితం జతచేయమన్నారు. ఫ్లాటు నంబరు, సాక్షి పేరు, తారీకు. ఆ కాగితం నింపుతూ పోతే రెండు ఫ్లాట్లు ఇద్దరిద్దరికి అమ్మినట్టు తేలింది. సెక్యూరిటీ గార్డుది అందులో ఒకటి. వాళ్లకన్నా ముందు కొన్న మనిషి అనకాపల్లిలో ఉన్నాడు, తన ఇల్లు అద్దెకిచ్చానని అనుకుంటున్నాడు, నెలనెలా అన్న పంపే డబ్బు తీసుకుంటున్నాడు! నా మటుకు నాకు ఈ సర్వేలో బయటపడిన అసలు మోసం ఇదే. అలాటీ మీద, అద్దెకున్నవాళ్ల మీద ఫారంలు నింపడం తేలిక, వాళ్లు గుమ్మంలోనే దొరుకుతారు. డబ్బు తిన్నవాడు ఏ గుమ్మంలోనూ ఉండడు.

ఆ గార్డు భార్యని నేను జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ దగ్గరికి తీసుకెళ్లాను. 1987 నాటి న్యాయ సేవాధికార చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఇది మా సంఘాల్లో కూడా చాలామందికి తెలీదు. ఫోను చేసి అడగాలంటే 15100. అక్కడి లాయరమ్మ ఓపిగ్గా చెప్పింది. వంద రూపాయలు, ఆ పైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టరైన దస్తావేజుతోనే జరగాలని ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్‌లో ఉంది. నోటరీ అంటే సంతకం చేసింది ఫలానా మనిషేనని చెప్పడం వరకే, దాంతో ఇల్లు చేతులు మారదు. జీపీఏ (పవర్ ఆఫ్ అటార్నీ కాగితం), అగ్రిమెంటు చూపించి కొన్నామంటే హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. పోనీ రిజిస్ట్రేషనే చేయించుకుందామంటే, ప్రభుత్వ ఆస్తులు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో ఉంటే సబ్ రిజిస్ట్రారు ముట్టుకోడు.

"అయితే మా డబ్బు?" అంది ఆవిడ. డబ్బు కోసం కేసు పెట్టొచ్చు, మోసం చేసినట్టు ఫిర్యాదు ఇవ్వొచ్చు అని చెప్పారు. అగ్రిమెంటు 2024 జులై 1కి ముందుది, కాబట్టి ఫిర్యాదు పాత ఐపీసీ 420 కిందకి వస్తుంది. ఆ తారీకు నుంచి జరిగినవైతే భారతీయ న్యాయ సంహిత 318. ఫిర్యాదులో అలాటీ పేరుతో పాటు సాక్షి పేరు కూడా రాయించాం. రాసేవాడు "సాక్షినెందుకమ్మా ఇరికిస్తారు" అన్నాడు. డబ్బు ఎవరి చేతికిచ్చారో అదే రాయమని ఆవిడే గట్టిగా చెప్పింది.

మధ్యలో ఒక చిన్న ముచ్చట. మా తోడికోడలి అబ్బాయి లండన్లో చదువుకుంటూ మొదట్లో ఒక ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాడు. అది కౌన్సిల్ (అక్కడి స్థానిక ప్రభుత్వం) ఇల్లని, తనకి గది ఇచ్చినాయనే అక్కడ అద్దెదారని కౌన్సిల్ మనుషులు తలుపు కొట్టాక తెలిసింది. అక్కడ పేదలకిచ్చే ఇళ్లు సొంతం కావు, తక్కువ అద్దెకు ఇస్తారు. అనుమతి లేకుండా మోసపూరితంగా వేరేవాళ్లకి అద్దెకిస్తే ఇంగ్లండ్, వేల్స్‌లో 2013లో తెచ్చిన చట్టం ప్రకారం నేరం. రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. అలా సంపాదించిన డబ్బు తిరిగి కట్టమని కోర్టు ఆర్డరు కూడా ఇవ్వొచ్చు. దరఖాస్తులో అబద్ధాలు, చనిపోయినవాళ్ల పేరున కొనసాగడం, ఒకేసారి డబ్బు తీసుకుని తాళంచెవులు ఇచ్చేసి వెళ్లిపోవడం, అక్కడా ఇవేనట. వాడు చెప్తుంటే నాకు మన కాలనీ బ్లాకులే కళ్ల ముందు తిరిగాయి. లాభం కక్కించే ఆ పద్ధతి మాత్రం నాకు నచ్చింది. మన దగ్గర ఫ్లాటు రద్దయితే పోయేది అలాటీకి, వీధిన పడేది అద్దెకున్నవాళ్లు. మధ్యలో తిన్నది తిన్నవాడికే.

సర్వే అయ్యాక షోకాజు నోటీసులు వెళ్లాయి, జోనల్ ఆఫీసులో విచారణ పెట్టారు. ఫ్లాట్లకి గుర్తులు పెట్టిన ఆర్పీలం కాబట్టి మమ్మల్నీ కూర్చోబెట్టారు. అక్కడ చూసినదాన్ని బట్టి, నోటీసు వచ్చినవాళ్లకి రెండు మాటలు. నోటీసు వస్తే తీసుకోండి. తీసుకోకపోతే తలుపుకి అంటించి ఫొటో తీస్తారు, ఇచ్చినట్టే లెక్క. గడువులోగా రాతపూర్వకంగా జవాబిచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. నోటితో చెప్పింది ఫైల్లోకి రాదు. జబ్బు చేసి కూతురి దగ్గర ఉన్నామని చెప్పిన ముసలాయన కేజీహెచ్ ఆసుపత్రి చీటీలు కట్టగా తెచ్చాడు, ఆయనకి గడువిచ్చారు. ఏ కాగితమూ లేకుండా గొడవ పెట్టుకున్నాయన ఫైలు రద్దుకి రాశారు. అక్కడ పని జరగలేదనిపిస్తే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది, అర్జీ ఇస్తే రసీదు వస్తుంది.

ఇలాంటి కాలనీల్లో ఇల్లు వెతుక్కునేవాళ్లకి నేను చెప్పేది, అడ్వాన్సు ఇచ్చే ముందు వార్డు సచివాలయానికి వెళ్లి ఫలానా ఫ్లాటు ఎవరి పేరున ఉందో కనుక్కోమని. చెప్పకపోతే పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అన్ని రోజులు ఆగే తీరిక అద్దెకు వెతుక్కునేవాళ్లకి ఎక్కడుంటుందని మీరనొచ్చు. నిజమే, ఉండదు. బ్రోకర్లు బతికేదే ఆ తొందర మీద.

విచారణలో చేపల ఆవిడ వంతు వచ్చినప్పుడు అధికారి కోప్పడలేదు. "నువ్వుంటావా, ఇల్లు తిరిగిస్తావా?" అని అడిగారు. పెద్ద కూతురు కుటుంబం కొమ్మాదిలో అద్దెకుంటోంది, వాళ్లని పెట్టుకుంటానంది ఆవిడ. కూతురికి రేషన్ కార్డు వేరే ఉంది, కాబట్టి ఒకే కుటుంబం కిందకి వస్తుందా రాదా అన్నది పైకి రాశారు. ప్లంబరు వాళ్లకి పిల్లల పరీక్షలయ్యేదాకా టైమిచ్చారు. సెక్యూరిటీ గార్డు ఫ్లాటు వెనక్కి తీసుకున్నారు, వాళ్లు మారికవలస వైపు ఒక గదికి మారారు. కేసు నడుస్తోంది. మేం జతచేసిన సాక్షుల కాగితం అడిగి కాపీ పట్టుకెళ్లింది పోలీసులే. తాళాల అన్న ఫోను అప్పట్నుంచీ స్విచాఫ్.